ఛాంపియన్స్ లీగ్ నాకౌట్: పట్టిక చూసి బ్రాకెట్ చదవడం ఎట్టా?

కావలి_కార్నర్
2026 జనవరి 28న ఛాంపియన్స్ లీగ్ (యూరప్ ఫుట్‌బాల్ క్లబ్‌ల పోటీ) లీగ్ దశ ఆఖరి రౌండ్. 18 మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి, మనకి గురువారం తెల్లవారుజామున 1:30 అవుతుంది. ఆ రాత్రి ప్రతి గోల్‌కీ పట్టిక మారతా ఉంటుంది. ఏ స్థానంలో ఉన్న జట్టుకి ఎవరు పడతారో అప్పటికప్పుడు తేల్చుకునేదానికి ఏం గుర్తుపెట్టుకోవాలి? ఇంకో రెండు సంగతులు కూడా కావాలి. నాకౌట్‌లో ఒకే జతకి రెండు మ్యాచ్‌లు (లెగ్‌లు), చెరో గ్రౌండ్‌లో ఒకటి కదా, రెండో లెగ్ సొంత గ్రౌండ్‌లో ఆడటం నిజంగా అంత లాభమా? అవే గోల్ (ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో కొట్టిన గోల్) నియమం తీసేశాక మొదటి లెగ్ ఆడే తీరు మారిందా?
ఇదంతా ఎందుకంటే, మే నెలలో కావలిలో 12 జట్లతో ఏడుగురి టోర్నీ పెడతా ఉండాం. అదే పద్ధతి మన టోర్నీకి సరిపోతుందేమో చూడాలి. తెలిసినోళ్లు వివరంగా రాయండి.

పెన్నా_లెఫ్ట్‌బ్యాక్
ముందు పట్టిక సంగతి. 36 జట్లు, ఒక్కోదానికి 8 మ్యాచ్‌లు. 1 నుంచి 8 స్థానాల వాళ్లు నేరుగా ప్రీక్వార్టర్స్‌కి (16 జట్ల రౌండ్) పోతారు. 9 నుంచి 24 దాకా ఉన్నవాళ్లు ప్లేఆఫ్ ఆడతారు, గెలిచిన 8 మంది ప్రీక్వార్టర్స్‌కి. 25 నుంచి 36 ఇంటికే. ఇంతకు ముందు మాదిరి యూరోపా లీగ్‌లోకి (దీని కింది స్థాయి పోటీ) దిగే దారి ఇప్పుడు లేదు.

ప్లేఆఫ్‌లో ఎవరికి ఎవరనేది స్థానాన్ని బట్టి ముందే చాలావరకు తేలిపోతుంది. జతలు ఇవి:
9, 10 స్థానాల వాళ్లకి 23, 24 లో ఒకరు.
11, 12 కి 21, 22 లో ఒకరు.
13, 14 కి 19, 20 లో ఒకరు.
15, 16 కి 17, 18 లో ఒకరు.
డ్రా (చీటీలు) తీసేది ఆ ఇద్దరిలో ఎవరన్నది తేల్చేదానికి మాత్రమే. 9 నుంచి 16 దాకా ఉన్న జట్టుకి రెండో లెగ్ సొంత గ్రౌండ్‌లో.

గుర్తుపెట్టుకునేదానికి ఒక చిట్కా: రెండు స్థానాలు కలిపితే 32, 33 లేదా 34 వస్తుంది. 9+24, 12+21, 15+18 అన్నీ 33. 9+23 అయితే 32, 10+24 అయితే 34. అంతకు మించి, అంతకు తగ్గి రాదు. కాబట్టి ఆ రాత్రి మీ జట్టు 14వ స్థానంలో ఉందనుకోండి, 33 లోంచి 14 తీసేస్తే 19. దాని పక్కనున్న 20 కూడా చూసుకోండి, అంతే.

ప్రీక్వార్టర్స్‌కి:
1, 2 స్థానాల వాళ్లకి 15, 16, 17, 18 గుంపులోంచి వచ్చినవాళ్లు.
3, 4 కి 13, 14, 19, 20 గుంపు.
5, 6 కి 11, 12, 21, 22 గుంపు.
7, 8 కి 9, 10, 23, 24 గుంపు.

ప్రీక్వార్టర్స్‌కి డ్రా తీశాక ఫైనల్ దాకా దారి ఖాయం, క్వార్టర్స్‌కి మళ్లీ వేరే డ్రా ఉండదు. 1, 2 స్థానాల జట్లు బ్రాకెట్‌లో (ఎవరికి ఎవరు తగులుతారో చూపే చార్టు) చెరో సగంలో ఉంటాయి. 3, 4 కూడా అంతే. క్వార్టర్స్‌లో 1 లేదా 2 ఉన్న చోటుకి 7 లేదా 8 ఉన్న చోటు నుంచి వస్తారు, 3 లేదా 4 ఉన్న చోటుకి 5 లేదా 6 నుంచి వస్తారు.

చాలామంది తడబడేది ఒకచోట: ఒకే దేశం జట్లు ఎదురుపడవు అనుకుంటారు. అది లీగ్ దశ వరకే. నాకౌట్‌లో ఆ కట్టడి లేదు. 2024-25 లో పీఎస్‌జీ 15వ స్థానం, మొనాకో 17, బ్రెస్ట్ 18. డ్రా ఎట్టా పడ్డా పీఎస్‌జీకి ఫ్రాన్స్ జట్టే. బ్రెస్ట్ పడింది, రెండు లెగ్‌లు కలిపి 10-0.

ఒంగోలు_నంబర్10
@పెన్నా_లెఫ్ట్‌బ్యాక్ అన్నా, దీన్నిబట్టి చూస్తే 9వ స్థానం కన్నా 11వ స్థానం మేలు కదా? 9 వస్తే ప్రీక్వార్టర్స్‌లో 7 లేదా 8 తగులుతారు, అది బాగానే ఉంది. కానీ అక్కడ గెలిస్తే వెంటనే 1 లేదా 2 కాచుకోనుంటారు. 11 వస్తే 5 లేదా 6, ఆ తర్వాత 3 లేదా 4.

పెన్నా_లెఫ్ట్‌బ్యాక్
కాగితం మీద అట్టా కనిపిస్తుంది, కానీ పట్టికలో స్థానానికీ జట్టు బలానికీ అంత గట్టి సంబంధం లేదు. 8 మ్యాచ్‌ల్లో ఎవరికి ఎవరు పడ్డారన్న దాన్ని బట్టి స్థానాలు తారుమారవుతాయి. 2024-25 నే తీసుకో. 11వ స్థానంలో రియల్ మాడ్రిడ్, 22వ స్థానంలో మాంచెస్టర్ సిటీ. ఇద్దరూ ప్లేఆఫ్‌లోనే ఢీకొన్నారు, మాడ్రిడ్ 3-2, 3-1. అంటే 11వ స్థానానికి దక్కిన "మేలు" సిటీతో రెండు మ్యాచ్‌లు. అదే 9వ స్థానంలో ఉన్న అటలాంటాకి 24వ స్థానం క్లబ్ బ్రూజ్ పడింది. తేలిక అనుకున్నారు. 2-1, 3-1 తో బ్రూజ్ చేతిలో రెండుసార్లూ ఓడింది.

8, 9 మధ్య తేడానే అసలు తేడా. 8వ స్థానానికి ఫిబ్రవరిలో రెండు మ్యాచ్‌లు తప్పుతాయి, ఇద్దరు ముగ్గురు గాయాల నుంచి కోలుకునేదానికి మూడు నాలుగు వారాలు దొరుకుతాయి. 2024-25 లో 8వ స్థానం ఆస్టన్ విల్లా 16 పాయింట్లతో, 9వ స్థానం అటలాంటా 15 తో. కింద 24, 25 మధ్య కూడా అంతే: బ్రూజ్, దినమో జాగ్రెబ్ ఇద్దరికీ 11 పాయింట్లే, గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే వచ్చేది) మీద జాగ్రెబ్ బయటికి పోయింది. ఆఖరి రౌండ్‌లో 3-0 తో గెలుస్తా ఉన్న జట్టు నాలుగో గోల్ కోసం ఎందుకు పరుగెత్తతా ఉందంటే ఇందుకే.

ట్రంక్‌రోడ్_కీపర్
రెండో లెగ్ సొంత గ్రౌండ్ గురించి. అభిప్రాయాల కన్నా లెక్కలు చూద్దాం. కొత్త పద్ధతి వచ్చిన మొదటి సీజన్ 2024-25.

ప్లేఆఫ్: పీఎస్‌జీ, బెన్ఫికా, పీఎస్‌వీ, రియల్ మాడ్రిడ్, బయర్న్, డోర్ట్‌మండ్ గెలిచాయి. వీళ్లందరికీ రెండో లెగ్ సొంత గ్రౌండ్‌లో. ఏసీ మిలాన్, అటలాంటా ఓడాయి. 8 లో 6.

ప్రీక్వార్టర్స్: బార్సిలోనా, ఆర్సెనల్, ఇంటర్, ఆస్టన్ విల్లా సొంత గ్రౌండ్‌లో రెండో లెగ్ ఆడి ముందుకు పోయాయి. లివర్‌పూల్, అట్లెటికో, లెవర్‌కూసెన్, లిల్ కూడా సొంత గ్రౌండ్‌లోనే ఆడి ఇంటికి పోయాయి. 8 లో 4. వీటిలో లివర్‌పూల్ 21 పాయింట్లతో పట్టికలో మొదటి స్థానం.

అందుకని రెండో లెగ్ సొంత గ్రౌండ్ అంటే గెలుపు చేతిలో పెట్టినట్టు కాదు. దాని లాభం ఒకటే: ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీ షూటౌట్ దాకా పోతే అవి మీ గ్రౌండ్‌లో, మీ జనం ముందు జరుగుతాయి. పీఎస్‌వీకి అదే కలిసొచ్చింది. మొదటి లెగ్ యువెంటస్ దగ్గర 1-2, రెండోది 90 నిమిషాలకి 2-1, ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇంకో గోల్. కానీ మ్యాచ్ అక్కడిదాకా పోకపోతే ఆ లాభం అక్కరకు రాదు. మొదటి లెగ్‌లో 0-3 తో వెనకబడ్డ లెవర్‌కూసెన్‌కి సొంత గ్రౌండ్ ఏం చేసింది? అక్కడ కూడా 0-2.

ఒంగోలు_నంబర్10
క్వార్టర్స్‌లో ఆర్సెనల్ 3వ స్థానం, మాడ్రిడ్ 11వ స్థానం. అయినా రెండో లెగ్ మాడ్రిడ్‌లో ఆడారు. అప్పుడు స్థానానికి విలువ ఏముంది?

ట్రంక్‌రోడ్_కీపర్
2024-25 లో క్వార్టర్స్ నుంచి ఆ క్రమాన్ని డ్రాలోనే తేల్చేశారు, స్థానం లెక్కలోకి రాలేదు. బార్సిలోనా 2వ స్థానం, ఇంటర్ 4వ స్థానం, అయినా సెమీస్ రెండో లెగ్ మిలాన్‌లో. అక్కడ ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-3, మొత్తం 7-6 తో ఇంటర్ గెలిచింది. 2025-26 నుంచి మార్చారు. 1 నుంచి 4 స్థానాల వాళ్లకి క్వార్టర్స్‌లో, 1, 2 స్థానాల వాళ్లకి సెమీస్‌లో కూడా రెండో లెగ్ సొంత గ్రౌండ్. అందుకే ఈసారి ఆఖరి రాత్రి 2, 3 మధ్య గీత, 4, 5 మధ్య గీత కూడా చూడండి. ఇంతకు ముందు 8, 24 దగ్గర గీతలు చూస్తే సరిపోయేది.

సింగరాయకొండ_స్వీపర్
అవే గోల్ సంగతి నేను రాస్తా. 1965 నుంచి ఉన్న నియమం అది. రెండు లెగ్‌లు కలిపి సమమైతే, ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లది గెలుపు. 2021-22 సీజన్ నుంచి యూరప్ క్లబ్ పోటీలన్నిట్లో తీసేశారు. ఇప్పుడు మొత్తం సమమైతే 15, 15 నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్, అప్పటికీ సమమైతే షూటౌట్.

ఇది ఎంత పెద్ద మార్పో చూడాలంటే 2025 మార్చిలో మాడ్రిడ్ ఊరి జట్లు రియల్, అట్లెటికో మధ్య జరిగిన ప్రీక్వార్టర్స్ చూడండి. మొదటి లెగ్ రియల్ గ్రౌండ్‌లో 2-1. రెండో లెగ్ అట్లెటికో గ్రౌండ్‌లో మొదటి నిమిషంలోనే గాలగర్ గోల్, 1-0 తో 90 నిమిషాలు ముగిశాయి. మొత్తం 2-2. పాత నియమం ఉండుంటే అట్లెటికో రియల్ గ్రౌండ్‌లో కొట్టిన ఆ ఒక్క గోల్‌తో అక్కడికక్కడే ముందుకు పొయ్యేది. కొత్త నియమంలో ఎక్స్‌ట్రా టైమ్, షూటౌట్, రియల్ 4-2.

ఇంకో పక్క 2022 సెమీస్. మాంచెస్టర్ సిటీ సొంత గ్రౌండ్‌లో రియల్ మాడ్రిడ్ మీద 4-3, రెండో లెగ్ 90 నిమిషాలకి మాడ్రిడ్ 2-1, మొత్తం 5-5. పాత లెక్కలో మాడ్రిడ్‌కి అవే గోల్స్ 3, సిటీకి 1. అంటే రోడ్రిగో 90, 91 నిమిషాల్లో కొట్టిన రెండు గోల్స్‌తోనే మ్యాచ్ అయిపొయ్యేది. కొత్త నియమం వల్ల సిటీకి ఇంకో 30 నిమిషాలు దొరికాయి, అందులో బెంజెమా పెనాల్టీ కొట్టాడు.

తీసేసిన కారణం సరైందే. మొదటి లెగ్ సొంత గ్రౌండ్‌లో ఆడే జట్టు గోల్ కొట్టడం కన్నా గోల్ పడకుండా చూసుకోవడానికే భయపడేది. 0-0 మంచి ఫలితం అనుకునేది. పైగా ఎక్స్‌ట్రా టైమ్‌లో బయటి జట్టుకి మాత్రమే అదనంగా 30 నిమిషాల అవే గోల్ అవకాశం ఉండేది. అది ఏ లెక్కన చూసినా న్యాయం కాదు.

మైపాడు_వింగర్
@సింగరాయకొండ_స్వీపర్ నేను ఒప్పుకోను సార్. ఎక్స్‌ట్రా టైమ్‌లో అవే గోల్ తీసేస్తే సరిపోయేది, 90 నిమిషాల్లో ఉంచాల్సింది. చిన్న జట్టు పెద్ద గ్రౌండ్‌కి పోయి ఒక్క గోల్ కొడితే దానికి బరువు ఉండేది. 2019 లో టోటెన్‌హామ్ ఆజాక్స్ దగ్గర 0-2 నుంచి 3-2 చేసి, మొత్తం 3-3 తో ఫైనల్‌కి పోయింది అవే గోల్స్ మీదే. లూకాస్ మౌరా 96వ నిమిషంలో కొట్టాడు. ఆ గోల్ ఇప్పుడు పడితే ఎక్స్‌ట్రా టైమ్‌కి దారి మాత్రమే తెరుస్తుంది. నాకౌట్‌లో ఒక్క గోల్ రెండు జట్ల తలరాతనీ ఒక్కసారిగా తిప్పెయ్యడం, అదే ఈ ఆటకి ప్రాణం.

సింగరాయకొండ_స్వీపర్
నీ బాధ అర్థమైంది తమ్ముడూ. కానీ ఆ బరువు మోసింది ఎవరో చూడు. ఒక జట్టు సొంత గ్రౌండ్‌లో 2-1 తో గెలిచి, బయట 0-1 తో ఓడిందనుకో. రెండు లెగ్‌లూ కలిపి చూస్తే ఇద్దరూ సమానంగానే ఆడారు. అప్పుడు ఇంటికి పంపేదానికి ఏ గోల్ యాడ పడిందన్నది కారణం కాకూడదు. విమానాల్లో గంటల కొద్దీ పోయి, సరైన గ్రౌండ్ లేక, రిఫరీ మీద సొంత జనం ఒత్తిడితో బయటి మ్యాచ్ అంటే కొండెక్కినట్టుండే కాలంలో పెట్టిన నియమం అది. ఇప్పుడు గ్రౌండ్లు ఒకే ప్రమాణంలో ఉన్నాయి, వీడియో రిఫరీ ఉన్నాడు.

మైపాడు_వింగర్
దాని మీద మన ఇద్దరికీ కుదరదు సార్, వదిలేద్దాం. కార్డుల సంగతి నేను చెప్తా, చాలామంది పట్టించుకోనిది అదే.

లీగ్ దశలో తిన్న ఎల్లో కార్డులు నాకౌట్‌లోకి వెంట వస్తాయి. మూడు ఎల్లోలు అయితే తర్వాతి మ్యాచ్ నిషేధం. ఆ తర్వాత ఐదోది, ఏడోది, అట్టా బేసి సంఖ్యకల్లా ఇంకో మ్యాచ్. క్వార్టర్స్ ముగిశాక ఎల్లోలన్నీ చెరిగిపోతాయి, అంటే సెమీస్‌లో ఎల్లో తిన్నవాడు, అది రెడ్ కాకపోతే, ఫైనల్ ఆడొచ్చు. కానీ క్వార్టర్స్ రెండో లెగ్‌లో మూడోది తింటే సెమీస్ మొదటి లెగ్ పోయినట్టే. రెడ్ కార్డు అయితే ఏ దశలోనైనా కనీసం ఒక మ్యాచ్.

కాబట్టి ప్రతి లెగ్‌కి ముందు "రెండు ఎల్లోలు ఉన్నవాళ్లు ఎవరు" అని జాబితా రాసుకోవాలి. కోచ్ అట్టాంటి స్టాపర్‌ని (మధ్య డిఫెండర్) 2-0 ఆధిక్యం ఉన్నప్పుడు 60వ నిమిషంలో తీసేస్తాడు, అది గాయం వల్ల కాదు.

మొదటి లెగ్‌లో తొందరపడితే ఏమవుతుందో 2025 ఏప్రిల్ చూడండి. ఆర్సెనల్ దగ్గర మాడ్రిడ్ అప్పటికే 0-3, ఆగిన సమయంలో మాడ్రిడ్ ఆటగాడు కమవింగా బంతిని అవతలికి తన్ని రెండో ఎల్లో తిన్నాడు, ఒకే మ్యాచ్‌లో రెండు ఎల్లోలంటే రెడ్. మూడు గోల్స్ తిరిగి కొట్టాల్సిన రెండో లెగ్‌కి అతను లేడు. ఫిబ్రవరిలో ఏసీ మిలాన్ సంగతి ఇంకా దారుణం: ఫెయెనూర్డ్ మీద మొత్తం 1-1 చేసి పట్టు సాధించాక, తియో హెర్నాండెజ్ పెనాల్టీ కోసం పడిపోయినట్టు నటించాడని రెండో ఎల్లో. పది మందితో మిగిలి గోల్ తిని బయటికి పోయారు.

సులువైన మ్యాచ్‌లో నిషేధం అయిపోవాలని కావాలని ఎల్లో తినడం కూడా కుదరదు. 2019 లో ఆజాక్స్ దగ్గర 2-1 తో గెలిచిన మ్యాచ్‌లో రియల్ మాడ్రిడ్ రామోస్ అట్టా చేశాడని తేల్చి రెండు మ్యాచ్‌ల నిషేధం వేశారు. అతను లేని రెండో లెగ్‌లో మాడ్రిడ్ సొంత గ్రౌండ్‌లో 1-4 తో ఓడింది.

కావలి_కార్నర్
మధ్యలో అడుగుతా ఉండా, జనవరిలో కొన్న ఆటగాళ్లు నాకౌట్ ఆడొచ్చా?

పెన్నా_లెఫ్ట్‌బ్యాక్
ఆడొచ్చు. లీగ్ దశ అయ్యాక జాబితాలో కొత్తవాళ్లని ముగ్గురి దాకా చేర్చుకోనిస్తారు, గడువు ఫిబ్రవరి మొదట్లో. ఇంకో క్లబ్ తరఫున ఇదే పోటీలో ఆడినా అడ్డం కాదు, 2018-19 నుంచి ఆ కట్టడి తీసేశారు. పీఎస్‌జీ 2025 జనవరిలో క్వారత్స్‌ఖేలియాని కొనింది. లీగ్ దశ ఆఖరి రెండు మ్యాచ్‌లూ అతను ఆడేదానికి లేకపోయింది, ఫిబ్రవరి నుంచి ఆడాడు, ఫైనల్‌లో ఇంటర్ మీద గోల్ కూడా కొట్టాడు. 15వ స్థానంలో వచ్చి 17 మ్యాచ్‌లు ఆడి, 5-0 తో కప్పు కొట్టిన జట్టు. ఫైనల్లో అంత తేడాతో గెలుపు అంతకు ముందు లేదు.

ట్రంక్‌రోడ్_కీపర్
ఎక్స్‌ట్రా టైమ్, షూటౌట్ వివరాలు కూడా ఇక్కడే పెడతా.

మార్పులు: 90 నిమిషాల్లో ఐదుగురిని మార్చొచ్చు, కానీ ఆట ఆపి మార్చేదానికి మూడే అవకాశాలు, హాఫ్‌టైమ్ వాటిలోకి రాదు. ఎక్స్‌ట్రా టైమ్‌కి పోతే ఆరో మార్పు, దానికోసం ఇంకో అవకాశం. మ్యాచ్ సమంగా ఉంటే 85వ నిమిషానికి కనీసం ఒక మార్పు చేతిలో ఉండాలి. 70 కల్లా ఐదూ వాడేసిన జట్టుకి 95వ నిమిషంలో ఇద్దరికి కండరాలు పట్టేస్తే మిగిలేది ఒక్క మార్పు.

షూటౌట్: మొదటి టాస్ ఏ గోల్ వైపు అనేదానికి, రెండో టాస్ గెలిచినవాళ్లు ముందు కొట్టాలా తర్వాత కొట్టాలా అన్నది ఎంచుకుంటారు. ఆఖరి విజిల్‌కి గ్రౌండ్‌లో ఉన్నవాళ్లే కొట్టాలి. ఒక జట్టులో రెడ్ కార్డు వల్ల పది మందే ఉంటే, ఎదుటి జట్టు కూడా ఒకరిని పక్కన పెట్టాలి. మ్యాచ్‌లో తిన్న ఎల్లో షూటౌట్‌లోకి రాదు.

రెండుసార్లు తాకడం సంగతి: పైన చెప్పిన రియల్, అట్లెటికో షూటౌట్‌లో అట్లెటికో ఆటగాడు హులియన్ అల్వారెజ్ జారి ఎడమ కాలు బంతికి తగిలింది, గోల్ పడ్డా రద్దు చేశారు. ఆ తర్వాత 2025 జూన్‌లో నియమాల సంఘం దీన్ని స్పష్టం చేసింది. పొరపాటున రెండుసార్లు తగిలి గోల్ పడితే మళ్లీ కొట్టనివ్వాలి. గోల్ పడకపోతే మిస్ అయినట్టే. కావాలని తాకితే మిస్. మీ టోర్నీ రిఫరీలకి ఇది ముందే చెప్పండి, పాత పద్ధతిలో రద్దు చేస్తే గొడవ అవుతుంది.

ఒంగోలు_నంబర్10
టైమింగ్స్ ఒకసారి పెడతా, ప్రతి ఏడాదీ జనం తేదీ తప్పుతా ఉంటారు. యూరప్‌లో మంగళవారం రాత్రి 9 అంటే మనకి బుధవారం తెల్లవారుజామున 1:30. సాయంత్రం 6:45 మ్యాచ్ అయితే మనకి అదే రోజు రాత్రి 11:15. 2026 మార్చి 29న అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, కాబట్టి ఏప్రిల్లో క్వార్టర్స్ నుంచి 12:30 కే మొదలు.
ప్లేఆఫ్ ఫిబ్రవరి 17, 18, మళ్లీ 24, 25. ప్రీక్వార్టర్స్ మార్చి 10, 11, 17, 18. క్వార్టర్స్ ఏప్రిల్ 7, 8, 14, 15. సెమీస్ ఏప్రిల్ 28, 29, మే 5, 6. ఫైనల్ మే 30 శనివారం బుడాపెస్ట్‌లో. ఈసారి ఫైనల్ అక్కడ సాయంత్రం 6 కే, మనకి రాత్రి 9:30. పిల్లలు కూడా కూర్చుని చూడొచ్చు.

కావలి_కార్నర్
చాలా ఉపయోగం. ఇప్పుడు మా టోర్నీ. అనుకున్నది ఇదీ: 12 జట్లు, పైన 4 నేరుగా క్వార్టర్స్‌కి, 5 నుంచి 12 దాకా ప్లేఆఫ్. రెండు లెగ్‌లు పెడదామా అని కొందరు అడుగుతా ఉండారు.

పెన్నా_లెఫ్ట్‌బ్యాక్
రెండూ వద్దు. అక్కడ 36 లో 12 జట్లు ఇంటికి పోతాయి కాబట్టే లీగ్ మ్యాచ్‌లకి కాక ఉంటుంది. మీ లెక్కలో పన్నెండుమందీ నాకౌట్‌కి పోతారు. లీగ్ మ్యాచ్‌లన్నీ ఓడినా ప్లేఆఫ్ ఉందంటే ఎవరు ప్రాణం పెట్టి ఆడతారు?

ఇట్టా చెయ్యండి: 1, 2 స్థానాలు నేరుగా సెమీస్. 3 కి 6, 4 కి 5 ప్లేఆఫ్. 7 నుంచి 12 ఇంటికి. 4-5 విజేత 1వ స్థానంతో, 3-6 విజేత 2వ స్థానంతో సెమీస్.

లీగ్ దశకి జట్లని బలాన్ని బట్టి నాలుగేసి చొప్పున మూడు గిన్నెల్లో (డ్రా తీసే గుంపులు) వెయ్యండి. ప్రతి జట్టూ ఒక్కో గిన్నెలోంచి ఒకరితో ఆడాలి, సొంత గిన్నెతో కలిపి. మూడు మ్యాచ్‌లు ఒక్కో జట్టుకి, మొత్తం 18. సొంత గిన్నెల్లో 6, గిన్నెల మధ్య 12. నాకౌట్ 2+2+1, మొత్తం 23 మ్యాచ్‌లు.

సమానమైతే ముందు గోల్ తేడా, తర్వాత కొట్టిన గోల్స్, తర్వాత గెలుపుల సంఖ్య. "వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ ఎవరు గెలిచారు" అన్నది పెట్టొద్దు, ఎందుకంటే ఆ ఇద్దరూ అసలు ఎదురుపడకపోవచ్చు. ఎవరన్నా రాకపోతే 3-0 అని రాయండి, అంతకు మించి ఇవ్వొద్దు. ఇస్తే గోల్ తేడా చెడిపోతుంది.

రెండు లెగ్‌లు ఎందుకు వద్దంటే, అందరిదీ ఒకే గ్రౌండ్. సొంత గ్రౌండ్ లేనప్పుడు రెండో లెగ్‌కి అర్థం లేదు, రెట్టింపు మ్యాచ్‌లు తప్ప.

సింగరాయకొండ_స్వీపర్
పై జట్టుకి సెమీస్‌లో ఏదో ఒక లాభం ఇవ్వాలనిపిస్తుంది, "డ్రా అయితే పై స్థానం జట్టుదే గెలుపు" అని కొన్నిచోట్ల పెడతారు. అది పెట్టొద్దు. పై జట్టు మొదటి నిమిషం నుంచి గోల్ ముందు ఏడుగురూ నిలబడతారు, ఆట చచ్చిపోతుంది. సెమీస్‌కి నేరుగా రావడం, ఒక రోజు విశ్రాంతి, అదే వాళ్ల లాభం. ఎక్స్‌ట్రా టైమ్ కూడా మేలో వద్దు, సమమైతే నేరుగా షూటౌట్. గోల్ 12 అడుగుల వెడల్పుదయితే పెనాల్టీ 8 గజాల నుంచి కొట్టించండి. పెద్ద గోల్‌కి వాడే 12 గజాలు ఆ చిన్న గోల్‌కి చాలా దూరం.

మైపాడు_వింగర్
టైం: 20, 20 నిమిషాలు, మధ్యలో 5, జట్లు మారేదానికి 5, అంటే ఒక్కో మ్యాచ్‌కి 50 నిమిషాలు. పొద్దున 6 నుంచి 9:20 దాకా నాలుగు, సాయంత్రం 5 నుంచి 6:40 దాకా రెండు. రోజుకి ఆరు, మూడు రోజుల్లో 18 అయిపోతాయి, ఏ జట్టుకీ రోజుకి ఒకటి మించదు. 9:20 దాటించొద్దు, మన తీరంలో మేలో ఎండ కన్నా ఉక్కే ఎక్కువ దెబ్బ కొడుతుంది. 8 తర్వాత మొదలయ్యే మ్యాచ్‌కి ప్రతి సగం మధ్యలో రెండు నిమిషాల నీళ్ల విరామం రాసిపెట్టండి. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లే ఇవ్వండి, వట్టి నీళ్లు చాలవు.

నాలుగో రోజు పొద్దున రెండు ప్లేఆఫ్‌లే. ఐదో రోజు పొద్దున రెండు సెమీస్, సాయంత్రం 5:15 కి ఫైనల్. పొద్దున రెండో సెమీస్ ఆడినవాళ్లకి విశ్రాంతి తక్కువ కాబట్టి, 1వ స్థానం జట్టుని 6 గంటల సెమీస్‌లో పెట్టండి. స్థానానికి న్యాయంగా ఇవ్వదగ్గ లాభం అదే.

కావలి_కార్నర్
ఆఖరి రౌండ్ ఒకేసారి ఆడించేదానికి మాకు ఒక్కటే గ్రౌండ్. ముందు ఆడినవాళ్ల ఫలితం తెలిసిపోతే తర్వాత వాళ్లు డ్రాకి కుమ్మక్కవుతారేమో అని భయం.

ట్రంక్‌రోడ్_కీపర్
పెద్ద గ్రౌండ్ 105 బై 68 ఉంటే, అడ్డంగా రెండు చిన్న గ్రౌండ్లు వస్తాయి, ఒక్కోటి 60 మీటర్ల పొడవు, 45 వెడల్పు. మధ్యలో 8 మీటర్లు ఖాళీ వదలండి, బంతులు కలవకుండా. కానీ ఒకటి చూసుకోవాలి. మీ పెద్ద గ్రౌండ్ ఉత్తర దక్షిణాలుగా ఉంటే, అడ్డంగా గీసినవి తూర్పు పడమరలవుతాయి. సాయంత్రం 5:30 కి పడమర వైపు చూసే కీపర్‌కి ఎత్తుగా వచ్చే బంతి కనపడదు. పొద్దున 6 గంటలకి తూర్పు వైపు చూసేవాడికీ అంతే. అందుకని జంట మ్యాచ్‌లు పొద్దున 7:30 కి, 8:20 కి పెట్టండి, అప్పటికి సూర్యుడు పైకి వచ్చేస్తాడు.

ఆరు మ్యాచ్‌ల్నీ ఒకేసారి పెట్టాల్సిన పని లేదు. రెండో రోజు రాత్రి పట్టిక రాసుకుని, 2, 3 మధ్య గీతని మార్చగల మ్యాచ్‌లు రెండు, 6, 7 మధ్య గీతని మార్చగలవి రెండు ఏరండి. 6-7 గీతవి రెండూ 7:30 కి ఒకేసారి, 2-3 గీతవి 8:20 కి ఒకేసారి. ఏ ఫలితమూ ఆ గీతల్ని కదిలించలేని మ్యాచ్‌లు పెద్ద గ్రౌండ్‌లో సాయంత్రం పెట్టుకోవచ్చు. గీత దగ్గర మూడు మ్యాచ్‌లు తగిలితే, గోల్ తేడా దగ్గరగా ఉన్న రెండింటిని జంటగా పెట్టి మూడోదాన్ని వాటికన్నా ముందు 6:30 కి ఆడించండి. తర్వాత ఆడేవాళ్లకి ఎన్ని గోల్స్ కావాలో తెలిసినా ఇబ్బంది లేదు, వాళ్లు గెలవాల్సిందే. డ్రాతో ఇద్దరూ గట్టెక్కే మ్యాచ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆఖర్న ఉండకూడదు.

కావలి_కార్నర్
అయితే సున్నంతో అడ్డంగా గీసే కొలతలు, గిన్నెల జాబితా ఆదివారం ఇక్కడే పెడతా. గిన్నెల్లో తప్పులుంటే డ్రా తీసే ముందే చెప్పండి.

పెన్నా_లెఫ్ట్‌బ్యాక్
గిన్నెలు వేసేటప్పుడు ఒకే వీధి జట్లు రెండుంటే వేరే గిన్నెల్లో పడ్డా ఎదురుపడొచ్చు. డ్రాకి ముందే వాటి మధ్య లీగ్ మ్యాచ్ ఉండదని రాసిపెట్టండి. నాకౌట్‌లో మాత్రం ఆ కట్టడి ఎత్తెయ్యండి.